బరువు తగ్గాలి.. బలం తగ్గరాదు

స్థూలకాయ శస్త్రచికిత్స చేయించుకున్నవారికి ఆహార, వ్యాయామ నియమాలు

స్థూలకాయానికి శస్త్రచికిత్స ఇప్పుడు మహానగరాలకే పరిమితమైన విషయం కాదు. ఒంగోలు, ఖమ్మం, కరీంనగర్, శ్రీకాకుళం వంటి పట్టణాల నుంచీ, వాటి చుట్టుపక్కల గ్రామాల నుంచీ హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వెళ్లి చేయించుకుని వస్తున్నవారున్నారు. సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే ఆసుపత్రి నుంచి పంపించివేస్తారు. చేతిలో ఒక కాగితాల కట్ట, కొన్ని వారాలకు సరిపడా మాత్రలు ఉంటాయి. ఆ తరువాత ఏం తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు లేచి నడవాలో చూసుకోవలసింది రోగి, అతని ఇంటివారే. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు, ఆహార నిపుణురాలు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. తొలి రెండు నెలలు ఫోన్లు నడుస్తాయి. బరువు చకచకా తగ్గుతుంటే సంతోషం కొద్దీ మూడో నెల నుంచి మందులూ, పరీక్షలూ వెనకబడతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కోత బరువును తగ్గిస్తుంది. తగ్గిన ఆ బరువులో కొవ్వు ఎంత, కండ ఎంత, ఎముకల్లోని సున్నం ఎంత అన్నది మాత్రం ఆపరేషన్ బల్లపై తేలే విషయం కాదు. ఆ తరువాత ఏడాదిన్నర పాటు ఇంటి కంచంలో, ఇంటి వసారాలో తేలే విషయం.

ఎవరికి చేస్తారు?

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని దాన్ని అదే సంఖ్యతో హెచ్చించి భాగిస్తే వచ్చేదే బీఎంఐ. అది 35 దాటినవారికి ఇతర జబ్బులు లేకపోయినా శస్త్రచికిత్సను సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు మార్గదర్శకాలను సవరించాయి. ఆసియావాసుల్లో పొట్ట చుట్టూ కొవ్వు, దాంతోపాటు మధుమేహం తక్కువ బరువుకే వస్తాయి కనుక 27.5 నుంచే పరిశీలించవచ్చని అదే పత్రం పేర్కొంది. ఎవరికి అవసరమో తేల్చవలసింది వైద్యుడే.

మన ప్రాంతానికి సంబంధించిన రెండు అంకెలను మాత్రం పక్కపక్కన పెట్టి చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది, తెలంగాణలో 30.1 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. అదే సర్వేలో రక్తహీనత ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. లావుగా ఉన్నవారికి పోషకాహార లోపం ఉండదనుకోవడం పెద్ద పొరపాటు. శరీరంలో కొవ్వు నిల్వలు నిండుగా ఉండి, ఇనుము, విటమిన్ డి, బి12 నిల్వలు అడుగంటినవారు ఎందరో ఉంటారు. అటువంటివారికి జీర్ణాశయాన్ని కుదిస్తే ఉన్న లోటు రెట్టింపవుతుంది. అందుకే శస్త్రచికిత్సకు ముందే రక్తపరీక్షలు చేయించి, లోపాలను సరిదిద్దుకుని వెళ్లడం మేలు.

లోపల మారేదేమిటి?

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. మొదటిది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, మిగిలిన దాన్ని అరటికాయలాంటి సన్నని గొట్టంగా చేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఊరే భాగం కూడా దాంతోపాటే పోతుంది. రెండోది గ్యాస్ట్రిక్ బైపాస్. జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిని మాత్రం ఉంచి, చిన్నపేగు తొలి భాగాన్ని తప్పించి ఆహారం కిందికి వెళ్లేలా కలుపుతారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ 1960లలో ఈ పద్ధతికి శ్రీకారం చుట్టారు. ఇప్పుడు చిన్న రంధ్రాల ద్వారానే చేస్తున్నారు.

తేడా తెలుసుకోవడం అవసరం. స్లీవ్‌లో తినే పరిమాణం తగ్గుతుంది. బైపాస్‌లో పరిమాణంతోపాటు ఇనుము, సున్నం ప్రధానంగా ఒంటబట్టే పేగుభాగం కూడా దారి నుంచి తప్పుకుంటుంది. బైపాస్ చేయించుకున్నవారు మాత్రల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండవలసింది ఇందుకే. తమకు చేసింది ఏ రకమో రోగికీ, ఇంటివారికీ స్పష్టంగా తెలిసి ఉండాలి. ‘పొట్ట ఆపరేషన్’ అని మాత్రమే చెబితే రేపు మరో వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు చికిత్స దారి తప్పవచ్చు.

తొలి ఆరు వారాలు

కుట్లు వేసిన జీర్ణాశయం మానడానికి వ్యవధి కావాలి. అందుకే ఆహారాన్ని మెట్లుమెట్లుగా పెంచుతారు. మొదటి ఒకటి రెండు రోజులు పలుచని ద్రవాలు. ఆ తరువాత రెండో వారం వరకు చిక్కని ద్రవాలు. పిదప మెత్తగా రుబ్బినవి, ఆ పైన మెత్తని ఘన పదార్థాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మామూలు ఆహారం. రోజుల లెక్కలో ఆసుపత్రికీ ఆసుపత్రికీ కొంత తేడా ఉంటుంది. మీ వైద్యుడు రాసిచ్చినదే మీకు ప్రమాణం.

మన ఇళ్లలో దొరికేవాటిలో ద్రవాహారానికి పప్పు కట్టు, మజ్జిగ తేట, వెన్న తీసిన పాలు, వడకట్టిన కోడి సూపు, కొబ్బరినీళ్లు పనికొస్తాయి. గంజి మాత్రం నమ్ముకోదగినది కాదు. కడుపు నిండినట్లుంటుందే గాని అందులో మాంసకృత్తులు బహు స్వల్పం. జ్వరం వచ్చినవారికి పెట్టినట్లు సగ్గుబియ్యం జావతో వారాలు గడపడం కూడా సరికాదు. మెత్తని ఆహార దశలో ఉడికించిన గుడ్డును చిదిమి, పెసరపప్పు ముద్ద, గిలక్కొట్టిన పెరుగు, ముళ్లు తీసిన మెత్తని చేప, ఉడికిన కూరగాయల గుజ్జు ఇవ్వవచ్చు.

ఒకేసారి గ్లాసెడు నీళ్లు తాగడం ఇక సాధ్యం కాదు. రోజుకు కనీసం లీటరున్నర ద్రవాలు గుక్కెడు గుక్కెడుగా లోపలికి పోవాలి. అరలీటరు సీసా ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకుని ఉదయానికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి ఖాళీ చేయాలన్న లెక్క పెట్టుకుంటే సులువు. మే నెలలో ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇది మరీ ముఖ్యం. దాహం వేసిన తరువాత గటగటా తాగి సర్దుకోవడం మనకు అలవాటు. వీరికి ఆ వెసులుబాటు లేదు. మూత్రం చిక్కబడి రంగు మారితే నీరు చాలడం లేదని గుర్తు. బైపాస్ చేయించుకున్నవారిలో మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ కనుక వారు ఎండాకాలంలో మరింత మెలకువగా ఉండాలి.

తొలి వారాల్లో జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి కనిపిస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోరాదు. కుట్ల దగ్గర లీకు కావచ్చు. వెంటనే ఆపరేషన్ చేసిన వైద్యుడికి తెలియజేసి, ఆసుపత్రికి చేరాలి.

కంచంలో క్రమం మారాలి

మన భోజనంలో పెద్దపీట అన్నానిది. కంచం నిండా అన్నం పెట్టుకుని, దానికి ఆధరువుగా పప్పు, కూర, పచ్చడి, చివర పెరుగు కలుపుకొంటాం. జీర్ణాశయం పూర్తిగా ఉన్నన్నాళ్లూ ఈ పద్ధతిలో కొంత నష్టమున్నా బండి నడుస్తుంది. శస్త్రచికిత్స తరువాత ఒక పూటకు పట్టేది చిన్న గిన్నెడు. ఆ గిన్నెను మూడు ముద్దల పప్పన్నంతో నింపేస్తే లోపలికి వెళ్లే మాంసకృత్తులు మూడు నాలుగు గ్రాములు మించవు. అవసరం రోజుకు 60 నుంచి 80 గ్రాములు. లెక్క ఎక్కడ తప్పుతున్నదో చూడండి.

కనుక క్రమం తిరగబడాలి. ముందు గుడ్డు, చేప, కోడిమాంసం, పనీర్, గట్టి పప్పు వంటివి. పిదప కూరగాయలు. కడుపులో ఇంకా చోటుంటే చివరగా రెండు ముద్దల అన్నమో, సగం రొట్టెముక్కో. అన్నం మానేయమని ఎవరూ అనడం లేదు. దాని వంతు చివరికి వచ్చిందంతే. పైగా మెత్తగా ముద్ద అయిన అన్నం, తాజా బ్రెడ్, ఎండుగా వేయించిన మాంసం కొందరికి గొంతు కింద అడ్డుపడినట్లవుతాయి.

60 గ్రాములు ఎలా సమకూరుతాయి? ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. 200 మిల్లీలీటర్ల పాలల్లో 6-7 గ్రాములు. వంద గ్రాముల పెరుగులో 3 గ్రాములు. పనీర్ 50 గ్రాములకు 9 గ్రాములు. ఉడికిన చేప లేదా కోడిమాంసం 60 గ్రాములకు 13 నుంచి 15 గ్రాములు. 30 గ్రాముల పెసలతో వేసిన చిన్న పెసరట్టులో సుమారు 7 గ్రాములు. ఉల్లిపాయలు, ఉప్మా కూరకుండా, నూనె తక్కువతో వేసిన పెసరట్టు ఇడ్లీ, దోసెల కంటే వీరికి ఎంతో నయం. శాకాహారులకు మీల్‌మేకర్ మంచి ఆసరా. ఎండు మీల్‌మేకర్ 25 గ్రాముల్లో 13 గ్రాముల వరకు మాంసకృత్తులు లభిస్తాయి. బాగా నానబెట్టి, పిండి, మెత్తగా ఉడికించి తినాలి.

ఇవన్నీ కలిపినా తొలి నెలల్లో 60 గ్రాములు చేరడం కష్టం. అందుకే వైద్యులు పాలల్లోనో మజ్జిగలోనో కలుపుకునే ప్రొటీన్ పొడిని రాస్తారు. ఒక చెంచా కొలతకు 20 గ్రాములకు పైగా ఇచ్చే రకాలున్నాయి. డబ్బా వెనుక ముద్రించిన పట్టికలో మాంసకృత్తులు ఎన్ని, చక్కెర ఎంత అన్నది చదివి కొనాలి. పిల్లలకు పాలల్లో కలిపే తీపి పొడులు దీనికి ప్రత్యామ్నాయం కావు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఎన్ని గ్రాములు తీసుకోవాలో వైద్యుడినే అడగాలి.

తినే తీరులోనూ మూడు మార్పులు తప్పవు. ముద్ద చిన్నదిగా ఉండాలి, బాగా నమలాలి, తొలి నిండుదనం తెలియగానే చేయి కడగాలి. భోజనంతోపాటు నీళ్లు తాగరాదు. తిన్న అరగంట తరువాతే నీరు. చారు, పులుసు, మజ్జిగ పలుచగా కలుపుకుని జుర్రుకునే అలవాటు ఉన్నవారికి ఇది అన్నిటికన్నా కష్టమైన నియమం. ద్రవంతో కలిసిన ఆహారం త్వరగా కిందికి జారిపోయి మళ్లీ ఆకలి వేస్తుంది.

తీపి విషయం వేరుగా చెప్పాలి. బైపాస్ చేయించుకున్నవారు పాయసమో, చెరకురసమో, బొబ్బట్టో తింటే అరగంటలోపు గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు కలగవచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. దిష్టి తగిలిందనో, పైత్యమనో సరిపెట్టుకోక ఏం తిన్నదీ గుర్తు చేసుకోవాలి.

వాంతులు ఆగకపోతే..

ఈ వ్యాసంలో ఒక్క అంశమే గుర్తుపెట్టుకోవాలంటే అది ఇదే. తొందరగా తిన్నందుకో, ఎక్కువ తిన్నందుకో ఒకటి రెండుసార్లు వాంతి కావడం తొలినాళ్లలో మామూలే. రోజుల తరబడి వాంతులవుతూ, తిన్నది నిలవకపోతే మాత్రం అది అత్యవసర పరిస్థితి. పేగు అతుకు దగ్గర దారి ఇరుకైందేమో, పుండు పడిందేమో చూడాలి. అంతకన్నా ముందు బి1 విటమిన్ గురించి ఆలోచించాలి.

థయమిన్ అని పిలిచే బి1 విటమిన్ శరీరంలో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. తిండి తగ్గి, దానికితోడు వాంతులైతే ఆ నిల్వ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, కాళ్లు బలహీనపడటం తొలి లక్షణాలు. ముదిరితే ఒకటి రెండుగా కనిపించడం, కనుగుడ్లు అదుపు తప్పి కదలడం, తూలుతూ నడవడం, మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం కనిపిస్తాయి. సకాలంలో ఇంజెక్షన్లు పడితే కోలుకుంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి, నడక శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

నీరసంగా ఉన్న రోగిని మన పల్లెల్లో ముందు తీసుకెళ్లేది దగ్గరలోని ఆర్‌ఎంపీ వద్దకు. అక్కడ జరిగే మొదటి పని ఒక గ్లూకోజు సీసా ఎక్కించడం. మామూలు విరేచనాల రోగికి దాంతో ఉపశమనం కలగవచ్చు. బి1 అడుగంటిన శరీరంలోకి గ్లూకోజు ఎక్కిస్తే దాన్ని వినియోగించుకోవడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోయి, మెదడు దెబ్బతినే ప్రమాదం ముంచుకొస్తుంది. అందుచేత ఇటువంటి రోగికి గ్లూకోజు కన్నా ముందుగానో, దాంతోపాటుగానో థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలన్నది వైద్యశాస్త్రం చెప్పే నియమం. ‘మా అమ్మాయికి బరువు తగ్గే ఆపరేషన్ అయింది, ముందు బి1 ఇవ్వండి’ అని ఇంటివారు అడగగలిగితే చాలు, ఒక ప్రాణం నిలుస్తుంది. ఇంజెక్షన్ ఖరీదైనదేమీ కాదు. తెలియకపోవడమే ఖరీదు.

ఈ విటమిన్‌కూ మన తీరప్రాంతానికీ పాత సంబంధమే ఉంది. దీని లోపంతో వచ్చే బెరిబెరి ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలను పీడించింది. కంపెనీ వైద్యుడు మాల్కంసన్ 1835లో మద్రాసులో ఆ జబ్బుపై ఒక గ్రంథమే వెలువరించాడు. తవుడు పోయేలా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధానాహారం కావడం కారణమని ఆ తరువాత చాలాకాలానికి గాని తేలలేదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరిపై పరిశోధనకు ఒక్క గదిలో నెలకొల్పిన ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. బెరిబెరి మన ప్రాంతంలో దాదాపు మరుగున పడింది కనుక, ఆ లక్షణాలు చూడగానే గుర్తించేవారూ తగ్గిపోయారు.

మాత్రలు కొన్ని నెలలకు కాదు

బరువు తగ్గింది, ఒంట్లో బాగానే ఉంది, ఇంకా ఈ మాత్రలెందుకన్న ప్రశ్న ఏడాది తిరిగేసరికి ప్రతి ఇంట్లోనూ వస్తుంది. జీర్ణాశయం తిరిగి పెరగదు, తప్పించిన పేగు తిరిగి దారిలోకి రాదు కనుక మాత్రలు జీవితాంతం అవసరమే. బి12 లోపం వెంటనే బయటపడదు. కాలేయంలో దాని నిల్వలు ఏళ్ల తరబడి నెట్టుకొస్తాయి. నిల్వ అయిపోయేసరికి రోగి మాత్రల సంగతే మరచిపోయి ఉంటాడు. కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత అప్పుడు మొదలవుతాయి. శాకాహారులకు ఈ ముప్పు మరింత ముందే వస్తుంది.

సాధారణంగా రాసేవి మల్టీ విటమిన్, సున్నం, విటమిన్ డి, ఇనుము, బి12. సున్నం ఆహారంతో కలిపి రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు అందాలి. కాల్షియం కార్బొనేట్ కన్నా సిట్రేట్ రూపంలో ఉన్నది వీరికి బాగా ఒంటబడుతుంది. ఒకేసారి కాక రెండు మూడు విడతలుగా వేసుకోవాలి. నెలసరి వచ్చే మహిళలకు, బైపాస్ చేయించుకున్నవారికి ఇనుము రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు అవసరం. బి12ను రోజూ మాత్రగానో, నెలకోసారి ఇంజెక్షన్‌గానో ఇస్తారు.

ఇనుము, సున్నం కలిపి మింగితే రెండింటికీ నష్టమే. మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్రను టీ, కాఫీలతో వేసుకుంటే సగం వృథా. నిమ్మరసం నీళ్లతో వేసుకుంటే మేలు. ఉదయం ఇనుము, మధ్యాహ్నం, రాత్రి సున్నం అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు.

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు గుప్పిళ్లతో రాలడం చూసి చాలామంది బెంబేలెత్తుతారు. బరువు వేగంగా తగ్గినప్పుడు ఇది మామూలే. మాంసకృత్తులు, ఇనుము సరిగా అందుతుంటే తిరిగి వస్తుంది. నూనెలు మార్చడం వల్ల ప్రయోజనం లేదు.

నడక ఒక్కటే చాలదు

ఒక లెక్క చూద్దాం. 110 కిలోల బరువున్న మహిళ ఏడాదిన్నరలో 33 కిలోలు తగ్గిందనుకుందాం. ఇందులో నాలుగో వంతు కండ అయితే ఎనిమిది కిలోలకు పైగా కండరం కరిగినట్లే. అద్దంలో చూసుకుంటే సన్నబడినట్లే ఉంటుంది. మెట్లెక్కుతుంటే తొడలు వణుకుతాయి. నేల మీద కూర్చుంటే చేయి ఊతం లేకుండా లేవలేరు. కండ తగ్గినకొద్దీ శరీరం ఖర్చుచేసే శక్తి తగ్గి, మూడో ఏట బరువు తిరిగి పెరగడానికి దారి పడుతుంది. కండను కాపాడేవి రెండే. ఒకటి పైన చెప్పిన మాంసకృత్తులు. రెండోది కండరానికి పని చెప్పడం.

శస్త్రచికిత్స జరిగిన రోజే లేపి నాలుగు అడుగులు వేయిస్తారు. కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా ఇది అత్యవసరం. ఇంటికి వచ్చాక పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు ఇంట్లోనో, వీధిలోనో నడవాలి. ‘పచ్చి ఒళ్లు, కదలకు’ అని బాలింతను పడుకోబెట్టినట్లు పడుకోబెట్టడం ఇక్కడ ప్రమాదకరం. అయితే నాలుగు నుంచి ఆరు వారాల వరకు నిండు బిందెలు, గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు ఎత్తరాదు. పొట్ట కండరాలు బిగబట్టే వ్యాయామాలూ అప్పుడే వద్దు.

ఆరు వారాలు దాటి, వైద్యుడు అనుమతించాక అసలు వ్యాయామం మొదలుపెట్టవచ్చు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక, క్రమంగా 300 నిమిషాల లక్ష్యం, దాంతోపాటు వారానికి రెండు మూడు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ చివరి మాటను పాటించేవారు తక్కువ. నడక గుండెకు మంచిది, మనసుకూ మంచిది. చేతులు, భుజాలు, వీపు కండరాలకు దానివల్ల ఒరిగేది అంతంతమాత్రం.

ఇందుకు జిమ్‌కే వెళ్లనక్కర్లేదు. చేతులు లేని గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఎదకు కట్టుకుని లేచి నిలబడటం, తిరిగి నెమ్మదిగా కూర్చోవడం పదిసార్లు చేస్తే తొడలకు ఎంతో పని. గోడకు చేరువగా నిలబడి రెండు చేతులూ గోడకు ఆన్చి ముందుకు వంగి వెనక్కి నెట్టుకోవడం భుజాలకు, ఛాతీకి వ్యాయామం. నీళ్లు నింపిన లీటరు సీసా అంటే కిలో బరువు. రెండు చేతుల్లో రెండు సీసాలు పట్టుకుని మోచేతి దగ్గర మడిచి ఎత్తి దించవచ్చు. పట్టుకోవడానికి ఊతం ఉంచుకుని మడమలు పైకెత్తి నిలబడటం పిక్కలకు. పదేసి సార్లు చొప్పున రెండు విడతలతో మొదలుపెట్టి, సులువనిపించినప్పుడు బరువో, సంఖ్యో పెంచాలి. సులువుగా చేయగలిగినదాన్నే ఏడాది పొడవునా చేస్తుంటే కండ పెరగదు.

మోకాళ్ల నొప్పులున్నవారు నిలిచి ఉండే సైకిలు తొక్కవచ్చు, అవకాశముంటే ఈత కొట్టవచ్చు. వేసవిలో సూర్యుడు పైకి రాకముందే నడక ముగించాలి. నడక మధ్యలోనూ గుక్కెడు నీళ్లు తాగుతుండాలి. కళ్లు తిరిగితే ఆగి కూర్చోవాలి.

పొలం పని, ఇంటి చాకిరీ చేస్తున్నాం కదా, వేరే వ్యాయామం ఎందుకని అడిగేవారున్నారు. వరినాట్లు వేసే మహిళకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. వంట, బట్టలు, అంట్లు యంత్రాల మీదా, పనివారి మీదా సాగే ఇళ్లలో మాత్రం ఆ మాట చెల్లదు.

2025లో మన దేశంలో విక్రయానికి వచ్చిన, వారానికోసారి తీసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్ల విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. ఆకలి తగ్గి, తిండి తగ్గి, కండ కరుగుతుంది. మాంసకృత్తులు, కండరాల వ్యాయామం గురించి ఇక్కడ చెప్పినది వారికీ వర్తిస్తుంది.

ఇంటివారి వంతు

మన మర్యాద ‘ఇంకొక్క ముద్ద’లో ఉంది. పెళ్లిలో, వ్రతంలో, బంధువుల ఇంట్లో వద్దన్నకొద్దీ వడ్డిస్తాం. ఆ ఒక్క ముద్దే వీరికి వాంతి. ‘ఏంటమ్మా, పిట్ట తిన్నట్టు తింటున్నావు, మొహం పీక్కుపోయింది’ అన్న పరామర్శలు మనసును గాయపరుస్తాయి. విందుకు వెళ్లేముందు ఇంట్లోనే గుడ్డో, పనీరో తిని వెళ్లి, అక్కడ కూరలు రెండు చెంచాలు రుచి చూడటం ఒక ఉపాయం. భర్త, అత్తగారు, తోటికోడలు ముందే తెలుసుకుని అడ్డుపడితే ఇంకా మంచి ఉపాయం.

కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలను తొలి ఏడాది పాటించదలచినవారు వైద్యుడితో మాట్లాడకుండా నిర్ణయించుకోరాదు. నీరు కూడా తాగని ఉపవాసం మరీ చేటు.

మరో గుట్టు. జంతికలు, చేగోడీలు, మిక్చర్, బిస్కెట్లు చిన్నబడిన జీర్ణాశయంలోనూ అడ్డం లేకుండా జారిపోతాయి. కడుపు నిండినట్లు ఉండదు. టీవీ ముందు కూర్చుని గంటకోసారి గుప్పెడు నమిలితే రోజు ముగిసేసరికి ఎంత తిన్నదీ తెలియదు. గిన్నెడు పప్పు తినలేని మనిషికి తిరిగి బరువు పెరగడం ఇలాగే మొదలవుతుంది. ఇంట్లో డబ్బాలు నింపి ఉంచి, తినవద్దని ఒక్కరికే చెప్పడం న్యాయం కాదు.

మందులు, మద్యం, గర్భం

మధుమేహం ఉన్నవారికి శస్త్రచికిత్స తరువాత చక్కెర వేగంగా తగ్గుతుంది. పాత మోతాదులో ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి కొనసాగిస్తే ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. రక్తపోటు మాత్రలూ అంతే. తొలి వారాల్లో ఇంట్లోనే చక్కెర, రక్తపోటు చూసుకుంటూ వైద్యుడి సలహాతో మోతాదు తగ్గించుకోవాలి.

మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం మాత్రలు బైపాస్ చేయించుకున్నవారికి పనికిరావు. పేగు అతుకు దగ్గర పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. పొగతాగడమూ అదే హాని చేస్తుంది. నొప్పికి పారాసిటమాల్ సురక్షితం. మద్యం బైపాస్ తరువాత రక్తంలోకి త్వరగా, ఎక్కువగా చేరుతుంది. తిండి మీద మోజు తగ్గినచోట మద్యం అలవాటు వచ్చి చేరిన సందర్భాలున్నాయి కనుక దూరంగా ఉండటమే మంచిది. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడకుండా ఆరు నెలల పాటు మాత్రలు ఇస్తారు. అవి మధ్యలో మానరాదు.

బరువు తగ్గగానే నెలసరి క్రమబద్ధమై, అంతవరకు సంతానం లేనివారికి గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. శుభవార్తే. అయినా తల్లి నిల్వలే నిండని దశలో బిడ్డకు పోషణ చాలదు. 12 నుంచి 18 నెలల వరకు గర్భం వాయిదా వేయాలన్నది నిపుణుల సూచన. అనుకోకుండా గర్భం వస్తే కంగారుపడక, ప్రసూతి వైద్యురాలికి శస్త్రచికిత్స సంగతి మొదటిరోజే చెప్పాలి.

మళ్లీ బరువు పెరిగితే?

స్వీడన్‌లో 1987లో మొదలైన సుదీర్ఘ అధ్యయనం ఈ విషయంలో మంచి ఆధారం. బైపాస్ చేయించుకున్నవారు తొలి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు చూస్తే ఆ తగ్గుదల 25 శాతం వద్ద నిలిచింది. అంటే కొంత తిరిగి రావడం సహజం. శస్త్రచికిత్స చేయించుకోనివారితో పోలిస్తే సుమారు 11 ఏళ్ల వ్యవధిలో మరణాలు దాదాపు నాలుగో వంతు తక్కువగా ఉన్నట్లు 2007లో అదే అధ్యయనం వెల్లడించింది. ఐదారు కిలోలు పెరిగాయని సిగ్గుపడి వైద్యుడికి ముఖం చాటేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. వారానికి ఒకరోజు, ఒకే సమయంలో బరువు చూసి రాసుకుంటే పెరుగుదల మొదట్లోనే తెలుస్తుంది.

పరీక్షలు ఎప్పుడు?

మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తరువాత ఏటా ఒకసారి రక్తపరీక్షలు చేయించాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, విటమిన్ డి, సున్నం, అల్బుమిన్, మూడు నెలల చక్కెర సగటు, కాలేయ, మూత్రపిండాల పరీక్షలు ఇందులో ఉండాలి. వీటి కోసం హైదరాబాద్ దాకా వెళ్లనక్కర్లేదు. జిల్లా కేంద్రంలోని ప్రయోగశాలల్లో నమూనా ఇచ్చి, నివేదికను ఫోన్‌లో వైద్యుడికి పంపవచ్చు. శస్త్రచికిత్స రకం, తేదీ, వైద్యుడి ఫోన్ నంబరు, వాడుతున్న మందులు, ‘గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి’ అన్న వాక్యం ఒక చిన్న అట్టపై రాసి పర్సులో పెట్టుకోవాలి. దాని నకలు ఒకటి ఇంట్లో బీరువా తలుపుకు అంటించి ఉంచాలి.